మండపేట వేరు, మణుగూరు వేరు

గోదావరి లోయలో గ్యాస్ మాటెత్తితే ఒకటే వాదన వినిపిస్తుంది. మండపేటలో ఓఎన్‌జీసీకి గ్యాస్ ఇచ్చింది గోండ్వానా ఇసుకరాయి. బూర్గంపాడు, మణుగూరు వైపున్నవీ గోండ్వానా రాళ్లే. కాబట్టి ఇక్కడా గ్యాస్ ఉన్నట్టే, తవ్వడమే తరువాయి. మొదటి రెండు మాటలూ నిజం. మూడోది వాటిలోంచి పుట్టదు.

ప్రాణహిత–గోదావరి లోయ రాళ్లు ఆగ్నేయంగా సాగి, తీరంలో కొత్త పొరల కిందికి దిగిపోయాయి. మండపేటలో అవి కిలోమీటర్ల లోతున ఉన్నాయి. ఆ లోతులోని వేడికి అడుగునున్న బొగ్గూ షేలూ గ్యాస్‌ను పుట్టించాయి. పైనున్న బంకరాయి దాన్ని పోనివ్వలేదు. మణుగూరులోనో? ఆ గోండ్వానా బొగ్గునే సింగరేణి ఓపెన్‌కాస్టులో డంపర్లకెత్తుతోంది. మూత లేని కుండలో ఆవిరి ఎంతసేపు నిలుస్తుంది? లోయ నడుమ లోతైన చోట్లు లేవని కాదు. అక్కడ గ్యాస్ నిలిచిందని బావి చెప్పాలి, పటం కాదు. బొగ్గులోని మీథేన్ కోసం 2006లో కొత్తగూడెం తూర్పు బ్లాకును కంపెనీలకు ఇచ్చారు. వాణిజ్య ఉత్పత్తి మాత్రం రాలేదు.

లోతూ వేడీ ఉన్నచోటైనా లెక్క నిలిచిందా? 2005లో గుజరాత్ ప్రభుత్వ సంస్థ జీఎస్‌పీసీ మన తీరానికి ఎదురుగా సముద్రంలో 20 ట్రిలియన్ ఘనపుటడుగుల గ్యాస్ కనుగొందని ఆర్భాటంగా ప్రకటించారు. అభివృద్ధి ప్రణాళిక నాటికి ఆ అంకె దాదాపు పదో వంతుకు కుంగింది. రాయి మరీ బిగుతు; పగలగొట్టినా గ్యాస్ సరిగా పారలేదు. 2017లో ఆ క్షేత్రంలో 80 శాతం వాటాను చివరికి ఓఎన్‌జీసీ నెత్తికెత్తుకుంది, అదీ ప్రజల సొమ్ముతోనే.

షేల్ సంగతీ అంతే. అమెరికా ఇంధన సమాచార సంస్థ 2013లో కృష్ణా–గోదావరి బేసిన్‌లో 381 ట్రిలియన్ ఘనపుటడుగులు ఉండవచ్చంది, సాంకేతికంగా తీయగలిగేది 57 అంది. గిట్టుబాటయ్యేదెంతో ఆ లెక్కలో లేనే లేదు. ఉపన్యాసాలకెక్కేది మాత్రం మొదటి అంకె!

బూర్గంపాడు ఐదో షెడ్యూలు ప్రాంతం. ఇక్కడ తవ్వాలనుకునేవాళ్లు ముందు ఒక్క పరీక్ష బావి ఫలితాలు గ్రామసభ ముందు పెట్టాలి: రాతి నమూనాలో పారగమ్యత ఎంత, ఎన్నాళ్లు ఎంత గ్యాస్ పారింది, ఎన్ని నీళ్లు వాడారు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటి ఈ ఊళ్లను ముంచింది. రాయి పగలగొట్టాక పైకొచ్చే ఉప్పునీళ్ల చెరువును ఇక్కడ ఏ మిట్టన కడతారో కూడా ఆ కాగితంలోనే రాయాలి.