గింజకున్న పత్రము బిడ్డకు లేదా?

అరకులోయ కొండవాలులలో పండిన కాఫీగింజ సముద్రములు దాటినది. 2017లో పారిసు నగరమున అరకు పేరిట కాఫీదుకాణము వెలసినది. 2019లో ఆ గింజకు భౌగోళిక గుర్తింపు లభించినది. అనగా, ఈ గింజ ఫలానా కొండలలో పుట్టినదని మన ప్రభుత్వమే పూచీపడి లోకమునకు చాటినది. సంతోషింపదగిన విషయమే. కాని ఆ గింజను పండించిన గిరిజనుని కుమార్తె పైచదువునకో, నర్సు ఉద్యోగమునకో అదే సముద్రమును దాటనెంచినచో, తా నెవరి బిడ్డయో, ఎచ్చట పుట్టినదో, ఏమి చదివినదో రుజువుపరచుటకు ఎన్ని గడపలు తొక్కవలెను? గింజ పుట్టుకకు పూచీపడిన ప్రభుత్వము బిడ్డ పుట్టుకకు పూచీపడుటకు ఏల వెనుదీయుచున్నది?

ఒక దేశపు పత్రము మరియొక దేశమున చెల్లవలెనన్న పూర్వము ముద్రమీద ముద్ర, సంతకముమీద సంతకము వేయించి, తుదకు రాయబారి వాకిట నిలువవలసియుండెను. ఈ బాధ తొలగించుటకే 1961 అక్టోబరు 5వ తేదీన హేగ్ నగరమున ఒక ఒప్పందము కుదిరినది. 'అపోస్టిల్' అను ఒక్క ముద్ర చాలునని అందలి సారాంశము. భారతదేశమున ఇది 2005 జూలైలో అమలులోనికి వచ్చినది. గల్ఫు రాజ్యములలో ఒమనుకు 2012లోను, బహ్రెయినుకు 2013లోను, సౌదీ అరేబియాకు 2022లోను వర్తించినది. ఒప్పందమున చేరని దేశములకైతే రాయబార కార్యాలయపు ముద్రయు నేటికిని కావలెను.

లోకము తన వాకిట నున్న సంకెల విప్పినది. మన యింటిలోని సంకెల మాటయేమి? ఢిల్లీ తన ముద్ర వేయుటకు ముందు రాష్ట్రప్రభుత్వపు ముద్ర అడుగును. చదువు పత్రమునకు ఒక శాఖ, జనన వివాహ పత్రములకు వేరొక శాఖ. విదేశాంగశాఖ పత్రములను మనిషిచేతినుండి తీసికొనదు. తాను నియమించిన ఏజెన్సీల ద్వారానే రావలెనట. మన్యమునకు ఏజెన్సీ యని పేరు పెట్టినవారే ఏజెన్సీవానిని మరియొక ఏజెన్సీ వాకిట నిలబెట్టిరి! 2019లో ఈ పనిని ఢిల్లీనుండి హైదరాబాదు మొదలగు నగరములకు పంచిరి. మేలే. కాని అరకునుండి విశాఖకే 115 కిలోమీటర్లు. హైదరాబాదునకు సుమారు 700. ముద్రకు సర్కారు రుసుము 50 రూపాయలే. దారిఖర్చులు, దళారి కూలి, పోయిన పనిదినములు ఎవరు లెక్కించిరి?

అసలు చిక్కు ఇంతకంటె లోతుగ నున్నది. అపోస్టిల్ ముద్ర పత్రములోని సంగతి నిజమని చెప్పదు. క్రింది సంతకము, దానిని చేసినవాని హోదా, ముద్ర నిజమైనవని మాత్రమే చెప్పును. కావున మొదటి పత్రము తప్పైనచో పై ముద్రలన్నియు తప్పునకే అలంకారములు. కొండగూడెమున కాన్పు ఇంటనే జరిగినది; పుస్తకమున నమోదు కాలేదు. బడిలో చేర్చిన నాడు ఉపాధ్యాయుడు తోచిన తేదీ వేసెను. పాంగి, కిల్లో, వంతల, కొర్రా అను ఇంటిపేర్లను ఒక గుమాస్తా ఒకతీరున, మరియొకడు మరొకతీరున వ్రాసెను. అక్షరము కలియని చోట దరఖాస్తు వెనుకకు వచ్చును. తప్పు గుమాస్తాది, శిక్ష గిరిజనునిది.

దొంగపత్రములు పెరిగినవి గనుక ఇంతటి కాపలా అవసరమని కొందరందురు. దొంగపత్రములున్నమాట నిజమే. కాని ధనముగల మోసగాడు ఈ మెట్లన్నియు దళారి భుజములపై ఎక్కిపోవును. ఆగిపోవునది నిజాయితీగల నిరుపేదయే. ముద్రలు పెంచుటవలన సత్యము పెరుగదు. మూలపుస్తకము సరిగా నున్నచో ఒక్క ముద్ర చాలును; అది సరిగా లేనిచో పది ముద్రలును చాలవు.

రంప పితూరీ తరువాత తెల్లదొరలు ముఠాదారులకు సనదులిచ్చిరి. ఆనాడు సనదు గలవానికే కొండపై హక్కు. 2017లో విదేశాంగశాఖ తెరచిన ఎలక్ట్రానిక్ పద్ధతికిని 'ఈ-సనద్' అనియే పేరు! పత్రము నిచ్చిన కార్యాలయమే దానిని కంప్యూటరులో ధ్రువపరచినచో, దరఖాస్తుదారుడు ఊరూరు తిరుగ నక్కరలేదు. ఇది మంచి పద్ధతి. పాడేరు, అరకు కార్యాలయముల జనన పుస్తకములు, కుల, విద్యాపత్రములు సంపూర్ణముగ అందు చేరిన నాడే ఆ సనదు కొండకు చెందును.

మేము కోరునది దయ కాదు. ఏడాది దాటిన జననములను నమోదుచేయించుటకు పూర్వము న్యాయస్థానపు మెట్లెక్కవలసియుండెను. 2023 నాటి చట్టసవరణ ఆ యధికారమును జిల్లా, సబ్‌డివిజనల్ మేజిస్ట్రేటుల కిచ్చినది. ఆ యధికారులు సంతనాడు సంతకే వచ్చి, గూడెపు పెద్దల యెదుట విచారించి, పుట్టుకలను నమోదుచేయవలెను. పేర్లలోని తప్పులను అచ్చటనే దిద్దవలెను. రాష్ట్రప్రభుత్వపు ముద్రను పాడేరులోనే వేయవలెను. పేదవాని దారిఖర్చులను గిరిజనాభివృద్ధి సంస్థ భరింపవలెను.

విదేశవిద్యకై కేంద్రము దేశమందలి గిరిజనుల కందరకు కలిపి ఏటా ఇచ్చు ఉపకారవేతనములు 20 మాత్రమే. అందు 3 ఆదిమ తెగలవి. అంత యిరుకైన ద్వారమువరకు చేరిన బిడ్డ ఒక్క అక్షరదోషమువలన వెనుదిరుగుట దేశమునకు గౌరవమా? గింజకు దారి చూపిన ప్రభుత్వమునకు బిడ్డకు దారి చూపుట చేతకాదని మేము నమ్మము. చేయదలచుకొనలేదనియే నమ్ముచున్నాము. ఆ మాట అబద్ధమని చేతలతో రుజువుచేయుదురు గాక!