రెండవ బాణం ఏది?



అణువిద్యుత్కేంద్రాన్ని బోధించే బొమ్మలో ఒకవైపు రియాక్టరు, మరొకవైపు ఇల్లు, నడుమ ఇంటివైపు ఒక బాణం గీస్తారు. ఆ బొమ్మ సగం సత్యమే చెబుతున్నదని నా అభియోగం.

మొదట ఆ సగం చూద్దాం. కర్ణాటకలోని కైగాలో 220 మెగావాట్ల యూనిట్లు 4 ఉన్నాయి. యురేనియం కేంద్రకాలు చీలి వేడి పుడుతుంది. ఆ వేడిని భారజలం మోసుకొనిపోయి, వేరుగా ఉన్న మామూలు నీటిని ఆవిరి చేస్తుంది. ఆవిరి టర్బైనును నిమిషానికి 3000 సార్లు త్రిప్పుతుంది. దానితో తిరిగే జనరేటరు సెకనుకు 50 ఆవృత్తుల విద్యుత్తును పుట్టిస్తే, ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజీ పెంచి గ్రిడ్డుకు అప్పగిస్తుంది. అందులో కొంత మన తెలుగు రాష్ట్రాలకూ వస్తున్నది. బొగ్గు కేంద్రంతో పోలిస్తే మారినది పొయ్యి మాత్రమే.

అయితే ఈ పొయ్యి ఆర్పినా వెంటనే ఆరదు. చీలిక ఆగిన క్షణాన కూడా ఇంచుమించు 6 శాతం వేడి మిగిలి, మెల్లగా తగ్గుతుంది. ఆనాడు చల్లార్చే పంపులకు విద్యుత్తు ఇవ్వవలసినది ఆ గ్రిడ్డే. అంటే దాతయే యాచకుడవుతాడు!

1993 మార్చి 31న ఉత్తరప్రదేశ్‌లోని నరోరాలో టర్బైను రెక్కలు విరిగి, మంటలు లేచి, కేబుళ్లు కాలి, కేంద్రానికి 17 గంటలు విద్యుత్తు లేదు. సిబ్బంది అగ్నిమాపక డీజిలు పంపులతో నీరు పట్టి గండం గట్టెక్కించారు. 2011 మార్చి 11న జపానులోని ఫుకుషిమాలో భూకంపం గ్రిడ్డును దూరం చేసింది, సునామీ డీజిలు జనరేటర్లను ముంచింది. 3 రియాక్టర్లలో ఇంధనం కరిగిపోయింది.

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో 1208 మెగావాట్ల రియాక్టర్లు 6 కట్టాలన్నది ప్రతిపాదన. కావాలనేవారు వెలుగు అంటారు, వద్దనేవారు బాంబు అంటారు. అడగవలసినది ఇరువురూ అడగరు. విద్యుత్తు లేకున్నా 72 గంటలు తనంతట తానే చల్లబడే నమూనా అది అంటారు. మంచిదే. ఆ తరువాత? 2014లో హుద్‌హుద్‌కు, 2018లో తిత్లీకి ఉత్తరాంధ్రలో స్తంభాలు నేలకొరిగి ఎన్నో ఊళ్లు రోజుల తరబడి చీకటిలో మగ్గిన సంగతి మరువరాదు.

మాకు కరెంటు ఎంత ఇస్తారన్నది రెండవ ప్రశ్న. మీకే కరెంటు పోయిన నాలుగవనాడు ఏమి చేస్తారన్నది మొదటి ప్రశ్న. దానికి కొవ్వాడ మత్స్యకారునికి అర్థమయ్యే తెలుగులో సమాధానం రావాలి. అంతవరకు ఆ బొమ్మలో రెండవ బాణాన్ని మనమే గీద్దాం.