అన్నింటికీ పళ్ళేనా?

పసిబిడ్డకు జ్వరమొస్తే పళ్ళు. విరేచనాలైతే పళ్ళు. రాత్రంతా ఏడిస్తే పళ్ళు. నల్గొండ జిల్లా పల్లెల్లో ఏఎన్ఎంగా పనిచేసి రిటైరైన నేను ఈ మాట వినని ఊరు లేదు. తీరా ఆ పళ్ళు వచ్చాక వాటి వంక చూసేవాళ్ళుండరు. రాకముందు అంత నింద, వచ్చాక ఇంత నిర్లక్ష్యం. నా ఫిర్యాదు ఇదే.

పళ్ళొచ్చేటప్పుడు బిడ్డకు ఇబ్బందే, కాదనను. ఆరో నెల అటూ ఇటూగా కింది చిగురులో ముందు పళ్ళు రెండు మొలుస్తాయి. కొందరికి నాలుగో నెలలోనే, కొందరికి ఏడాది నిండాక. చొంగ కారుతుంది, చిగురు ఉబ్బుతుంది, ఒళ్ళు కాస్త వెచ్చబడొచ్చు. కానీ 100.4 డిగ్రీలు దాటే జ్వరానికీ నీళ్ళ విరేచనాలకూ పళ్ళు కారణం కావు. తల్లి నుంచి వచ్చిన రోగనిరోధక శక్తి తగ్గేదీ, అన్నప్రాసన చేసి పైతిండి మొదలుపెట్టేదీ, బిడ్డ పాకుతూ నేల మీద దొరికిందల్లా నోట్లో పెట్టుకునేదీ ఆ నెలల్లోనే. దొంగలు వేరు, పట్టుబడింది పళ్ళు.

"పండ్లొస్తున్నయ్ నర్సమ్మా, అన్నీ వచ్చినంక మోషన్లు గవే తక్కువైతయ్" అంది ఓ అవ్వ. ఒళ్ళోని మనవడి కళ్ళు లోతుకు పోయాయి. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే వెంటనే సర్దుకోవడం లేదు. పొద్దున్నుంచి ఒంటికి పోలేదని కోడలు మెల్లగా చెప్పింది, అత్త వినకుండా. చెంచాతో ఓఆర్ఎస్ పట్టిస్తూనే ఆటోలో ఆసుపత్రికి పంపాం. లీటరు నీళ్ళలో కలిపే ఆ ప్యాకెట్, 14 రోజుల జింక్ మాత్రలు ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది. పళ్ళ మోషన్లే అనుకున్న ఇంట్లో వాటిని అడిగేదెవరు?

ఇదంతా పల్లెటూరి మూఢత్వమని నవ్వకండి. 19వ శతాబ్దపు ఇంగ్లండులో పళ్ళు రావడమే చావుకు కారణమని వేలమంది పసివాళ్ళ పేర్ల పక్కన రాశారు. పాదరసం కలిసిన పళ్ళ పొడులను అక్కడ 1950ల దాకా అమ్మారు. ఇప్పుడు చిగుళ్ళకు పూసే జెల్‌లు వచ్చాయి. వాటిలో బెంజోకెయిన్ ఉంటే రెండేళ్ళలోపు పిల్లలకు వాడొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. రక్తం ఆక్సిజన్ మోసే శక్తి దెబ్బతినే ప్రమాదముంది. శుభ్రంగా కడిగిన వేలితో చిగురు రుద్దితే చాలు. తడి గుడ్డను ఫ్రిజ్‌లో చల్లబరిచి కొరకనిస్తే ఇంకా హాయి. ఏడాదిలోపు తేనె మాత్రం నాకించొద్దు. పై పళ్ళు ముందొస్తే మేనమామకు కీడట. మేనమామలు నిశ్చింతగా ఉండొచ్చు.

ఇక వచ్చాక వినబడే మాట, "పాలపండ్లే గదా, ఊడిపోతయ్." ఊడతాయి, నిజమే. కానీ వెనక దవడ పాలపళ్ళు పది, పన్నెండేళ్ళ దాకా నమలాల్సినవి. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే బిడ్డకు పై ముందు పళ్ళు పుచ్చుతాయి. మొదట చిగురు అంచున తెల్లటి గీత పడుతుంది. పై పెదవి ఎత్తి చూస్తే గానీ అది కనబడదు. మొదటి పన్ను రాగానే మెత్తటి బ్రష్, బియ్యపు గింజంత ఫ్లోరైడ్ పేస్ట్, రోజూ రెండు పూటలా.

మా మునుగోడు, మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ అంటేనే వణుకు. వంగిపోయిన కాళ్ళు చూసినవాళ్ళను తప్పు పట్టలేను. కానీ అది ఏళ్ళ తరబడి తాగిన బోరు నీళ్ళు చేసిన పని. గింజంత పేస్టు పూసి తుడిచెయ్యడం వేరు. పిల్లల పళ్ళ మీద గోధుమ రంగు గారలు కనబడే ఊళ్ళో అయితే పళ్ళ డాక్టర్ని అడిగి మొదలుపెట్టండి.

9 నెలలకు ఎంఆర్ టీకాకు, ఏడాదిన్నరకు బూస్టర్‌కు తల్లులు బిడ్డల్ని ఎలాగూ తెస్తారు. టీకా వేసే చెయ్యే ఆ పై పెదవి ఎత్తి చూడటానికి అరనిమిషం పట్టదు. చూసిన సంగతి తల్లీబిడ్డల కార్డులో, బరువు పక్కనే రాయాలి. ఇంకో పనా అని నా తోటివాళ్ళు కోప్పడతారని తెలుసు. కొత్త రిజిస్టరు పెట్టమనడం లేదమ్మా, ఆ బాధ నాకూ తెలిసిందే. ఉన్న కార్డులోనే ఒక్క గడి.