కంటిలోని కండకు పసరు వైద్యం వద్దు

కంటిలో దుర్మాంసం పెరిగితే నందివర్ధనం పూల రసం పిండవచ్చునా, తేనె పెట్టవచ్చునా అని ఉప్పల్, నాచారం ప్రాంతాల గృహిణులు నన్ను తరచుగా అడుగుతుంటారు. వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. "మీరు కూడా ఇంగ్లీషు వైద్యుల మాటే చెబుతున్నారేమి?" అంటారు. నేను చెప్పేది సుశ్రుతుని మాటే.

సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో 76 నేత్రరోగాలు వర్ణింపబడినవి. అందులో 11 తెల్లగుడ్డుకు వచ్చేవి. మనం దుర్మాంసమని పిలిచేదానికి శాస్త్రంలో పేరు 'అర్మ'. దానిలో 5 భేదాలు ఉన్నవి. పలుచని అర్మకు అంజనాలు విధించినా, దళసరియై నల్లగుడ్డు మీదికి పాకినదానిని కొక్కెంతో పైకెత్తి శస్త్రంతో కోసి తీయవలెనని ఆచార్యులు స్పష్టంగా చెప్పారు. కొరతగా కోసినచో శీఘ్రంగా మళ్ళీ పెరుగుతుందని కూడా హెచ్చరించారు.

గురుకులంలో ఈ శ్లోకాలు వల్లె వేసిన నేనే ఒకసారి పొరబడ్డాను. నాచారం పారిశ్రామికవాడలోని ఒక షెడ్డులో పనిచేసే నడివయస్కుడు కంటిలో కండతో వచ్చాడు. అప్పటికే ఎవరో చెప్పగా నాలుగు నెలలు తేనె పెట్టుకున్నాడు. నేను అర్మయే అనుకొని మరి రెండు నెలలు త్రిఫలా కషాయంతో కన్ను కడిగించాను. కండ తగ్గలేదు సరికదా, మీద సున్నం పూసినట్లు తెల్లని పొర కట్టింది. అప్పుడు నేత్రవైద్యుని వద్దకు పంపాను. అది కంటి పైపొరకు వచ్చే క్యాన్సర్ అని తేలింది. కన్ను దక్కింది. మొదటి రోజే పంపి ఉంటే కోత అంత పెద్దది కాకపోవునేమోనని నేటికీ నాకు బాధగానే ఉన్నది.

సాధారణ దుర్మాంసం ఎక్కువగా ముక్కు వైపు నుండి త్రికోణాకారంలో, ఏళ్ళ తరబడి మెల్లగా పాకుతుంది. క్యాన్సర్ కణితి ప్రాయికంగా నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే సంధి వద్ద పుడుతుంది. జిగురుముద్ద వలె ఉబ్బి ఉండవచ్చు, కాలీఫ్లవర్ పువ్వు వలె గరుకుగా ఉండవచ్చు, ఎర్రని లావుపాటి రక్తనాళాలు దానిలోనికి పోతూ కనబడవచ్చు. మనవారిలో గోధుమ, నలుపు రంగులు కూడా కలిసి ఉంటాయి. అయితే దుర్మాంసం మాటునే క్యాన్సర్ దాగి ఉన్న సందర్భాలూ కలవు. కనుక అద్దంలో చూచి, టార్చిలైటు వేసి నిర్ణయించే వ్యవహారం కాదిది, వైద్యుడనైన నాకు సైతం.

ఎండలోని అతినీలలోహిత కిరణాలు దీనికి ముఖ్య కారణం. ఉప్పల్ రింగు రోడ్డులో పగలంతా నిలబడే ఆటోవారు, బండ్ల వ్యాపారులు నల్లద్దాలు పెట్టుకోవడం విలాసం కాదు. హెచ్.ఐ.వి. మరొక కారణం. నలభై ఏళ్ళ లోపువారికి ఈ కణితి వస్తే రక్తపరీక్ష చేయించమంటారు. అందులో అవమానపడవలసినది లేదు.

పరీక్ష కష్టమైనది కాదు. స్లిట్ ల్యాంప్ కింద చూస్తారు, రంగుమందు వేసి చూస్తారు, అవసరమైతే పొరల చిత్రం తీస్తారు. చికిత్సలో కణితిని చుట్టూ సుమారు 4 మిల్లీమీటర్ల మంచి పొరతో సహా తీసి, అంచులను అతిశీతలంతో గడ్డకట్టిస్తారు. కొరతగా కోయరాదన్న మాట ఇక్కడ ఎంత అక్షరసత్యమో చూడండి. కొందరికి కోత లేకుండా ఇంటర్ఫెరాన్, మైటోమైసిన్ వంటి చుక్కల మందులతోనే కణితి కరుగుతుంది. అశ్రద్ధ చేస్తే కంటి లోపలికి, కంటి గూటికి పాకుతుంది. అప్పుడు ప్రాణం కోసం కన్ను తీయవలసి వస్తుంది.

మెహిదీపట్నంలో సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి, బంజారాహిల్స్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థ ఉన్న నగరం మనది. ఉప్పల్ నుండి దూరమని వాయిదా వేయవద్దు. దుర్మాంసమని చెప్పి కోసినా సరే, తీసిన ముక్కను బయాప్సీకి పంపమని అడగండి. ఆ రిపోర్టు కాగితం భద్రపరచుకొని, చెప్పిన గడువులకు మళ్ళీ చూపించుకోండి. కణితి తిరిగి వచ్చే అవకాశం కొన్నేళ్ళ వరకు ఉంటుంది.