ఏమెన్ బ్రేక్

ఏమెన్ బ్రేక్ అనేది అమెరికాకు చెందిన "ది విన్‌స్టన్స్" బృందం 1969లో వెలువరించిన "ఏమెన్, బ్రదర్" అనే వాద్యగీతంలోని డ్రమ్ముల దరువు. దీని నిడివి సుమారు 7 సెకన్లు మాత్రమే. దీనిని వాయించినవాడు గ్రెగరీ కోల్మన్. ఒక రికార్డులోని ధ్వనిని యథాతథంగా తీసి కొత్త పాటలో చేర్చుటను శాంప్లింగ్ అంటారు. ఆ విధంగా ఈ దరువు వేలాది పాటలలో చేరినది. కాపీహక్కు చర్చలలో దీనిని తరచుగా ఉదహరిస్తారు.

వ్యాప్తి

ఈ గీతం "కలర్ హిమ్ ఫాదర్" అనే రికార్డుకు రెండవ వైపున వెలువడినది. జెస్టర్ హెయిర్‌స్టన్ కూర్చిన "ఏమెన్" అనే భక్తిగీతమే దీనికి ఆధారం. 1986లో ఈ గీతం "అల్టిమేట్ బ్రేక్స్ అండ్ బీట్స్" సంకలనంలో చేరడంతో హిప్‌హాప్ కళాకారులకు సులభంగా అందినది. 1988లో ఎన్.డబ్ల్యు.ఏ. బృందం దీనిని వాడుకొన్నది. 1990వ దశకం తొలినాళ్ళలో బ్రిటన్‌లోని యువకులు ఈ దరువును ముక్కలుగా కోసి, వేగం పెంచి, "జంగిల్" అనే కొత్త సంగీతరీతికి పునాది వేశారు.

న్యాయస్థానాల తీర్పులు

ప్రతి రికార్డులోను రెండు హక్కులు ఇమిడి ఉంటాయి. మొదటిది స్వరరచనపై హక్కు, రెండవది ధ్వనిముద్రణపై హక్కు. వీటిపై తీర్పులు ఏకరీతిగా లేవు.

* 1991: అనుమతి లేని శాంప్లింగ్ చౌర్యమేనని న్యూయార్క్‌లోని ఫెడరల్ న్యాయస్థానం బిజ్ మార్కీ కేసులో తేల్చినది.
* 2005: ధ్వనిముద్రణ నుండి ఎంత చిన్న ముక్క తీసినా అనుమతి తప్పనిసరి అని అమెరికా 6వ సర్క్యూట్ న్యాయస్థానం తీర్పు చెప్పినది.
* 2016: మడోన్నా పాట "వోగ్"లోని 0.23 సెకన్ల శబ్దం లెక్కింపదగినది కాదని 9వ సర్క్యూట్ భిన్నమైన తీర్పు ఇచ్చినది.
* 2019: జర్మనీకి చెందిన క్రాఫ్ట్‌వెర్క్ బృందపు సుమారు 2 సెకన్ల లయఖండంపై ఐరోపా న్యాయస్థానం, చెవికి గుర్తు తెలియనంతగా మార్చినచో తప్ప అనుమతి అవసరమని నిర్ణయించినది.

విశ్లేషణ

అమెరికా ఫెడరల్ కాపీహక్కు చట్టం 1972 ఫిబ్రవరి 15 నుండి చేసిన ధ్వనిముద్రణలకే తొలుత వర్తించినది. అందుచేత 1969 నాటి ఈ రికార్డు చాలాకాలం రాష్ట్రాల చట్టాలపైనే ఆధారపడినది. 2018 చట్టం ఇట్టి పాత రికార్డులకు రక్షణ కల్పించినది. దాని ప్రకారం ఈ గీతానికి 2067 వరకు రక్షణ ఉన్నది.

హక్కుదారుగా ఉండినవాడు బృందనాయకుడైన రిచర్డ్ స్పెన్సర్. తమ దరువు ఇంతగా వాడుకలో ఉన్నదని ఆయనకు 1996లో గాని తెలియలేదు. 2015లో అభిమానులు చందాలు వేసుకొని సుమారు 24,000 పౌండ్లు ఆయనకు అందజేశారు. కోల్మన్ అప్పటికి తొమ్మిదేళ్ళ క్రితమే, 2006లో, పేదరికంలో మరణించాడు. గమనింపదగిన విషయమేమనగా, చట్టం కఠినంగా అమలైనను కోల్మన్‌కు నేరుగా ఫలం దక్కి ఉండేది కాదు. సాధారణంగా డ్రమ్ము వాయించిన వానిని స్వరకర్తగా పరిగణించరు. ధ్వనిముద్రణ హక్కు కూడా అతనిది కాదు.

మరొకవైపు, ప్రతి ముక్కకు ముందే అనుమతి కోరవలసి ఉంటే, డబ్బు లేని యువకులు సృష్టించిన జంగిల్ సంగీతం పుట్టి ఉండేదా అన్నది సందేహమే. ఒకరి పాటను మరొకరు తిరిగి పాడి రికార్డు చేయుటకు అమెరికాలో 1909 నుండి నిర్ణీత రుసుము పద్ధతి ఉన్నది. శాంప్లింగ్‌కు అట్టి ఏర్పాటు లేదు. అటువంటి పద్ధతి వచ్చి, అందులో వాయిద్యకారునికి కూడా వాటా కల్పించినప్పుడే వాడుకొనేవారికి స్వేచ్ఛ, వాయించినవారికి ప్రతిఫలం రెండూ దక్కగలవు.