జీవ సాంఖ్యక పరిశోధన - మన విద్యార్థులు

పట్టభద్రులైన పిదప ఉపాధ్యాయ శిక్షణ, కాకుంటే పోటీ పరీక్షలు. పెద్దముడియం ప్రాంతపు విద్యార్థులు ఎరిగిన మార్గాలు ఇంతే. డాక్టరేటు పొందిన తరువాత వేతనం తీసుకొంటూ పరిశోధన సాగించే పోస్ట్ డాక్టొరల్ దశ ఒకటి ఉన్నదని విన్నవారు అరుదు. జీవరాశికి సంబంధించిన లెక్కలను పరిశీలించే జీవ సాంఖ్యక శాస్త్రంలోను, జన్యువుల సమాచారాన్ని కంప్యూటరుతో పఠించే బయోఇన్ఫర్మాటిక్స్‌లోను ఈ దశకు విశేష ప్రాధాన్యమున్నది.

ఈ శాస్త్రాలు మనకు దూరమైనవి కావు. మన నల్లరేగడిలో పండే శనగనే తీసుకొందాం. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ నాయకత్వాన వివిధ దేశాల శాస్త్రజ్ఞులు 2013లో శనగ జన్యుక్రమాన్ని ప్రకటించారు. ఆ లిపిలో సుమారు 74 కోట్ల అక్షరాలు! 2021లో 3,366 శనగ నమూనాలను పరీక్షించారు. వాటిలో ఏ భేదం దిగుబడికి కారణమో, ఏది కేవలం కాకతాళీయమో తేల్చడం కంటిచూపుతో అయ్యే పని కాదు. అందుకు కంప్యూటరు కావాలి, సాంఖ్యక శాస్త్రం కావాలి, శనగ మొక్కను ఎరిగిన మనిషి కూడా కావాలి. మూడవదానికి మన పల్లెలలో కొరత లేదు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు ఉద్యోగం వెదకుతూ కలకత్తా వెళ్లి, 1941లో మహలనోబిస్ గారి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. సూడాన్‌లోని జెబెల్ మోయాలో లభించిన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించడానికి కేంబ్రిడ్జి వెళ్లి, అక్కడ ఫిషర్ ప్రయోగశాలలో ఎలుకల జన్యువులపై కూడా పనిచేసి, 1948లో డాక్టరేటు పొందారు. లెక్కల పండితునికి ఎలుకలతో పనేమిటని నవ్వేవారు నేటికీ లేకపోలేదు. 2023లో అంతర్జాతీయ సాంఖ్యక బహుమతి లభించేనాటికి ఆయన వయస్సు 102 ఏండ్లు. ఆ సంవత్సరం ఆగస్టులోనే కీర్తిశేషులయ్యారు.

అయితే ఇది పూలబాట అని చెప్పడం న్యాయం కాదు. జాతీయ పోస్ట్ డాక్టొరల్ ఫెలోషిప్ గడువు రెండేండ్లే. ముప్పది దాటిన కుమారునికి ఇంకా స్థిరమైన కొలువు లేదంటే ఇంటి పెద్దలు ఎంతకాలం సహిస్తారు? కుమార్తె విషయంలో సంబంధాలు చూసేవారు అసలే ఆగరు. పైగా అల్పసంఖ్యాక వర్గాల పరిశోధక విద్యార్థులకు ఆసరాగా ఉన్న మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను కేంద్ర ప్రభుత్వం 2022-23 నుండి నిలిపివేసింది. ఇతర పథకాలలోనూ ఇటువంటి సహాయమే ఉన్నదన్న కారణం మాకు సమ్మతం కాదు. డాక్టరేటుకు ఎక్కే నిచ్చెననే తీసివేసి, ఆపై అంతస్తును వర్ణించి ప్రయోజనమేమి? ఇక మిగిలిన ప్రధాన ద్వారం జె.ఆర్.ఎఫ్. పరీక్ష.

కనుక కళాశాల కమిటీ వారికి మా విన్నపం ఒకటి. ఇంటర్మీడియట్‌లో లెక్కలు వదలి వచ్చిన బి.యస్సీ. విద్యార్థులకు, ముఖ్యంగా బాలికలకు, వారానికి మూడు గంటల సాంఖ్యక బోధన ఏర్పాటు చేయాలి. అభ్యాసానికి ‘ఆర్’ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే లభిస్తుంది. కంప్యూటరు గదిని సాయంకాలం కూడా తెరచి ఉంచితే చాలును. సగటు అన్నా, ఔసత్ అన్నా, మీన్ అన్నా భావమొక్కటే. ఉర్దూ, తెలుగు మాధ్యమాల పిల్లలకు పరిభాషను వారి భాషలలో విడమరచి చెప్పే పనికి మేము సిద్ధంగా ఉన్నాము. గణిత బోధకుని నియామకం మాత్రం కమిటీ వారిదే.