టిబెట్టు ప్రవాసుల దీక్ష

1959 మార్చి 10వ తేదీని లాసా నగరమున వేలకొలది ప్రజలు తమ ధర్మగురువగు దలైలామాకు రక్షణగా నార్బులింకా ప్రాసాదమును చుట్టి నిలచిరి. చైనా సైన్యము ఆ తిరుగుబాటును అణచివైచెను. ఆ నెలాఖరున దలైలామా మన దేశమున శరణుజొచ్చిరి. నాటినుండి ధర్మశాలలోను, ఢిల్లీలోను, అన్యదేశములందును ప్రవాసులు ఏటేట ఆ దినమున గూడి తమ నిరసనమును దెలుపుచున్నారు.

అరువదియేండ్లు దాటినను ఫలమేమి యని కొందఱు పెదవి విఱచుచున్నారు. తాతలు విడిచివచ్చిన లాసాను ఎన్నడు నెఱుగని మనుమలు నేడు ఆ జెండా మోయుచున్నారు. ఇంతకు మించిన ఫలమేమి? 2011లో దలైలామా తమ రాజకీయాధికారమును ప్రజలెన్నుకొనిన నాయకునకు అప్పగించిరి. ఆ పెద్దలు కోరునది చైనాలోనే నిజమైన స్వపరిపాలనము.

అయినను 2012లో చైనా అధ్యక్షుడు ఢిల్లీకి వచ్చిన సందర్భమున మన పోలీసులు ఈ ప్రవాసులను వందలకొలది నిర్బంధించిరి. రాజ్యతంత్రపు టిబ్బందులు మేమెఱుగనివి కావు. కాని సత్యాగ్రహముచే స్వరాజ్యము బడసిన జాతి శాంతియుత నిరసనమును నేరముగ నెంచుట తగదు. శరణిచ్చిన చేతితోనే నోరు మూయుట ధర్మము గాదని మన ప్రభుత్వమునకు విన్నవించుచున్నాము.